సుభద్ర పాట బదిలీ

కాకినాడ మెయిన్ రోడ్డులోని హంసినీ రికార్డింగ్ కంపెనీ నుంచి ఒక పాట తనకు బదిలీ కావాలని దరఖాస్తు పెట్టుకుంది. అందులో వింతేమీ లేదు. ఊళ్లో చిన్న చిన్న రికార్డు కంపెనీలు పుట్టినప్పటి నుంచీ పాటలు నచ్చని చోటు వదిలి నచ్చిన చోటికి పోతూనే ఉన్నాయి. ఒక మైకు, ఒక అద్దె గది, బోలెడంత ధీమాతో మొదలైన కంపెనీలు చాలావరకు అలాగే ఖాళీ అయ్యాయి. పాట వెళ్లిపోయిన రికార్డు మీద ముల్లు పెడితే గరగర తప్ప ఏమీ వినిపించదు.

హంసినీ యజమాని పుండరీకాక్షానికి మాత్రం ఒళ్లు మండిపోయింది. వెళ్లిపోతానన్నది ఆయన భార్య సుభద్ర పాడిన పాట. అదీ రోడ్డుకి అవతలున్న మంజూషా కంపెనీకి! దాని యజమాని భీమేశ్వరరావు పచ్చగా ఉంటే చూడలేని మనిషి పుండరీకాక్షం.

పాటల బదిలీల కార్యాలయంలో గుమాస్తా దరఖాస్తు చదివాడు.

"రికార్డు చేసిన కాణ్నించీ అటక మీదే ఉంచేశారంటండి. ఒక్కటీ అమ్మలేదంట. నిజవేనాండి?"

"నిజమే. మా ఆవిడ గొంతు ఊళ్లో ప్రతివాడూ వినాలేంటండీ?"

"మరి రికార్డెందుకు చేశారండి?"

"బాగా పాడుతుందనండీ."

గుమాస్తాకి ఇలాంటి భర్తలు కొత్త కాదు. పాట పోతానంటే ఆపే రూలు లేదంటూ సంతకాలు ఎక్కడ పెట్టాలో చూపించాడు. పాటకొక గడి, పాత యజమానికొకటి, కొత్త యజమానికొకటి ఉన్నాయి. పాడినావిడకి గడి లేదు.

సాయంత్రానికల్లా పాట రోడ్డు దాటి మంజూషా లౌడ్‌స్పీకర్లో మోగింది. రిక్షాలు ఆగిపోయాయి. అటక మీద అణిగిమణిగి పడున్న పాట అక్కడ గొంతు విప్పి పాడుతోంది. హంసినీలో ఏనాడూ అంత బాగా పాడలేదు. పుండరీకాక్షం కుళ్లిపోయాడు. వింటున్న ప్రతివాడి చెవీ మెలిపెట్టాలనిపించింది. ఉండబట్టలేక రోడ్డు దాటాడు.

"భీమేశ్వరరావు గారూ, ఒక్క మాట. రికార్డు మీద ఆవిడ పేరు మాత్రం వెయ్యకండి."

భీమేశ్వరరావు నొచ్చుకున్నాడు. "భలేవారేనండీ! పాడినోళ్ల పేర్లు మేవెప్పుడేశావండి? కంపెనీ పేరుంటే చాలదేంటండి?"

పుండరీకాక్షం మనసు కుదుటపడింది. ఇద్దరూ మొదటిసారి కలిసి కాఫీ తాగారు.

హంసినీ కంపెనీ మేడ మీదే పుండరీకాక్షం ఇల్లు. భోజనానికి కూర్చునేసరికి పాట కిటికీలోంచి వంటింటిదాకా వచ్చింది. అటకెక్కిన తన రికార్డు ఏనాడూ వినని సుభద్ర గరిటె పట్టుకుని కాసేపు విన్నది.

"ఎవరో గానీ బాగా పాడుతోందండి."

"ఎవరో లే. పులుసు వెయ్యి."

ఆమె వేసింది.