మంత్రిగారి క్యాలరీలు

"ఇకమీదట ఎవరు ఎంత కష్టపడుతున్నారో వాళ్ల గుండే చెబుతుంది. పై అధికారులు చెప్పక్కర్లేదు!" అని మా శ్రమశాఖ మంత్రిగారు ప్రకటించినప్పుడు ఆ సభకు మైకు పెట్టింది నేనే. నేను ఆ శాఖలో మైకు ఆపరేటర్ని. ఆయన గొప్ప మాటలన్నీ జనం చెవిన పడేముందు నా వైర్లలోంచే వెళతాయి. ఆయనంటే నాకున్న గౌరవానికి అదీ కారణం.

పథకం చాలా సులువు. శాఖలో అందరి చేతికీ ఒక బ్యాండు. అది చర్మం మీద పచ్చలైటు వేసి, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టి, ఒంట్లో ఎన్ని క్యాలరీలు ఖర్చయ్యాయో చెబుతుంది. ఎక్కువ ఖర్చు పెట్టినవాడు కష్టజీవి, తక్కువ ఖర్చు పెట్టినవాడు సోమరి. నెలాఖరుకి అగ్రస్థానంలో ఉన్నవారికి శ్రమరత్న బిరుదు, అట్టడుగున ఉన్నవాడికి ఉద్వాసన.

బ్యాండులో ఎవరి వయసు, ఎవరి బరువు వాళ్లే నింపుకోవాలని కంపెనీవాళ్లు చెప్పారు. అక్కడ ప్రోటోకాల్ సమస్య వచ్చింది. మంత్రిగారికంటే బరువైనవాడు శాఖలో ఉండటం మర్యాద కాదు, తేలికైనవాడు ఉంటే అసమానత అంటారు. ఆంతరంగిక కార్యదర్శిగారు బాగా ఆలోచించి అందరి బ్యాండుల్లోనూ మంత్రిగారి వయసే, మంత్రిగారి బరువే నింపించారు. సమానత్వాన్ని ఇంత సులువుగా సాధించినవారిని నేను ఇంకెక్కడా చూడలేదు.

శాఖ డిస్పెన్సరీలో ఉండే డాక్టరమ్మ ఒక్కరే అడ్డు తగిలారు.

"సార్, బ్యాండుకి తెలిసేది గుండె వేగం. క్యాలరీలు అది వేసుకునే అంచనా. కోపమొచ్చినా, భయమేసినా గుండె కొట్టుకుంటుంది. అది కష్టం కాదు కదా?"

"మా ఆఫీసులో భయపడటం కష్టం కాదంటారా?" అన్నారు కార్యదర్శిగారు.

"దిండుకి కట్టినా గుండె కొట్టుకుంటోందనే అంటుంది. అంచనా సగానికి సగం తప్పొచ్చు సార్."

"అంటే మన బడ్జెట్ కంటే నయమే కదమ్మా!"

డాక్టరమ్మకి ప్రశాంతత అవసరమని ఆ వారమే అడవి అంచున ఉన్న డిస్పెన్సరీకి బదిలీ చేశారు. అక్కడ గోడలు కూడా లేవని విన్నాను. వాదించడానికి ఎవరూ ఉండరు.

ఆవరణలో పెద్ద తెర కట్టి అందరి లెక్కలూ చూపించసాగారు. మొదటిరోజు నుంచీ మంత్రిగారే ముందు. ఆయన విశ్రాంతి కోసం సముద్రం ఒడ్డున అతిథిగృహంలో గడిపిన వారంలోనూ అంకె ఒక్క మెట్టు దిగలేదు. "మనిషి అక్కడున్నా మనసు ఆఫీసులోనే ఉంది" అని కార్యదర్శిగారు కళ్లు తుడుచుకున్నారు. మిగతావాళ్లు కూడా త్వరగానే దారి తెలుసుకున్నారు. గుమాస్తాలు ఈసారి ప్రమోషన్లు రావని ఒకరి చెవిలో ఒకరు ఊదుకున్నారు. సూపరింటెండెంట్లు కార్యదర్శిగారి తలుపు బయట ఊరికే నిలబడి, కాలు కదపకుండా, పరుగుపందెం వాడు ఖర్చు పెట్టేన్ని క్యాలరీలు ఖర్చు పెట్టారు.

అట్టడుగున మా బాబాయి ఉన్నాడు. నేలమాళిగలోని గోడౌను నుంచి సర్క్యులర్ కట్టల్ని నెత్తిన పెట్టుకుని మూడో అంతస్తుకి మోసే హమాలీ ఆయన. నా పెళ్లికి ముందునుంచీ అదే పని. బరువు అలవాటైన గుండె కదా, నిదానంగా కొట్టుకుంటుంది. పైగా కట్ట పట్టుకోవడానికి మణికట్టు వంచితే బ్యాండుకి ఏమీ కనపడదు.

కార్యదర్శిగారు పిలిపించారు.

"రోజంతా ఏం చేస్తున్నావయ్యా?"

"కట్టలు మోస్తున్నా సార్."

"మోస్తే గుండె కొట్టుకోవాలి కదా?"

"కొట్టుకుంటూనే ఉంది సార్. లేకపోతే మీ గదిదాకా ఎలా వస్తాను?"

"ఎదురు సమాధానాలకి క్యాలరీలు రావు. నెలాఖరులోగా పైకి రాకపోతే ఇంటికే."

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. విషయం విని పిన్ని నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఈయన గుండె దడదడలాడించాలని పెళ్లైన దగ్గర్నుంచీ నేనే చూస్తున్నానురా. నా వల్లే కాలేదు, మీ మంత్రి వల్ల అవుతుందా?" బాబాయి నవ్వాడు. కాసేపటికి కంచం పక్కకి జరిపి, "ఈ పని పోతే ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటార్రా?" అన్నాడు. నేను కంచం మళ్లీ ఆయన ముందుకి జరిపాను. మర్నాడు యథాప్రకారం మంత్రిగారికి మైకు పెట్టాను.

నెలాఖరు సభ పై అంతస్తు హాల్లో. మంత్రిగారు తన కుర్చీలో తప్ప కూర్చోరు. చేతుల మీద తువ్వాళ్లు కప్పిన ఆ టేకు కుర్చీ లిఫ్టులో పట్టదు. బాబాయే దాన్ని నెత్తికెత్తుకున్నాడు. స్టాండు పట్టుకుని వెనకాలే నేను. మేము మెట్లెక్కుతున్నకొద్దీ పైనుంచి చప్పట్లు పెద్దవవుతున్నాయి. హాల్లోకి వెళ్లి చూస్తే, తెర మీద మంత్రిగారి అంకె గంతులేస్తోంది.

"మంత్రిగారింకా దారిలోనే ఉన్నారు. అయినా చూడండి, ఎంత శ్రమిస్తున్నారో!" అని అరుస్తున్నారు కార్యదర్శిగారు.

బాబాయి అంకె కదల్లేదు. ఆయన కుర్చీ దించాడు. మంత్రిగారి గంతులు ఆగాయి.

మైకు వైరు కట్టడానికి వంగి కుర్చీ కుడిచేతి తువ్వాలు ఎత్తాను. కింద, కుర్చీ చేతికి బిగించి, బ్యాండు. పచ్చలైటు నింపాదిగా మిణుకుమంటోంది. బాబాయి కూడా చూశాడు.

"అయ్యగారి మణికట్టుకి దద్దురొచ్చింది. తువ్వాలు సర్దు" అన్నారు కార్యదర్శిగారు నా చెవిలో.

సర్దాను.

మంత్రిగారు వచ్చి, ఆ కుర్చీలో కూర్చుని, శ్రమరత్న బిరుదు అందుకున్నారు. చెమట విలువ తెలిసినవాణ్ణని గద్గదంగా మాట్లాడారు. తరవాత బాబాయిని వేదిక మీదకి పిలిచి ఉద్వాసన కాగితం తన చేత్తోనే ఇచ్చారు. "ఎలా ఉండకూడదో ఇతన్ని చూసి నేర్చుకోండి" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. మైకు బాగా పనిచేసింది.

సభ అయ్యాక కార్యదర్శిగారు బాబాయిని ఆపారు. "ఆ బ్యాండు శాఖ ఆస్తి. ఇక్కడే పెట్టి వెళ్లు. వెళ్తూ వెళ్తూ కుర్చీ కిందికి దించెయ్."

బాబాయి కుర్చీ మోసుకెళ్లి మంత్రిగారి గదిలో దించాడు. తన బ్యాండు విప్పాడు. ఎడమచేతి తువ్వాలు ఎత్తి, కుర్చీకి బిగించి, మళ్లీ కప్పాడు.

"ఇక్కడే పెట్టమన్నారు కదరా" అన్నాడు, వెనకాలే వచ్చిన నాతో.

మర్నాడు తెర మీద కొత్త నెల లెక్కలు మొదలయ్యాయి. మొదటి స్థానం మంత్రిగారిది. వెంట్రుకవాసి తేడాతో రెండో స్థానం మా బాబాయిది.

కార్యదర్శిగారు పరవశించిపోయారు. "చూశావా! ఒక్క కాగితం గట్టిగా ఇస్తే ఎలా దారికొచ్చాడో! ఈ మనుషుల్ని భయపెట్టాలయ్యా. ఉద్వాసన రద్దు. ఇదే ఊపు కొనసాగించమని నా మాటగా చెప్పు."

రద్దు కాగితం పట్టుకుని వాళ్లింటికి పరుగెత్తాను. బాబాయి గుమ్మంలో చాప వేసుకుని గురక పెడుతున్నాడు. లేపబోతే పిన్ని పెదవుల మీద వేలు పెట్టింది.

"ష్! లేపకురా. డ్యూటీలో ఉన్నారు."