అబ్రహాం గడ్డం

ఆ మంగళవారం పొద్దున ఫోల్కెర్ట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి మ్యూజియంలో ఒక గుంపును తిప్పి బొమ్మల గురించి చెప్పడం, మధ్యాహ్నం చీజు రొట్టె తినడం, సాయంత్రం వీట్స్కేని కాలవ పక్క హోటల్లో భోజనానికి కూర్చోబెట్టి మనసులో మాట చెప్పడం. ఈ మూడు పనుల మధ్య, తనకు ఆ రోజే యాభై నిండాయన్న సంగతి ఎవరికీ పొక్కకుండా చూసుకోవడం. మొదటి మూడూ తేలికే.

వీట్స్కే ఆ మ్యూజియంలోనే టిక్కెట్ల కౌంటరులో పనిచేస్తుంది. ఫోల్కెర్ట్‌కు ఆమె అంటే ప్రాణం. అందుకే తనకు నలభై నాలుగని చెప్పాడు. చెప్పిన తర్వాత దిద్దుకుందామంటే సరైన సందర్భం దొరకలేదు. జుట్టు ఒత్తుగా ఉన్నవాళ్లకు అలాంటి సందర్భాలు అంత తొందరగా దొరకవు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇంకే వయసైనా దాచవచ్చుగానీ యాభై దాచడం కష్టం. యాభై నిండిన మగవాణ్ని బైబిల్లో ముసలి అబ్రహాంను చూశాడంటారు అక్కడ. అని ఊరుకుంటే బాగానే ఉండేది. అయినవాళ్లు గడ్డితో నిలువెత్తు ముసలాణ్ని చేసి, తెల్లగడ్డం అతికించి, మెడలో యాభై అని అట్ట వేసి ఇంటి ముందు నిలబెడతారు. ప్రేమ మరీ పొంగితే బొమ్మతో సరిపెట్టరు. ఎవరో ఒక మనిషికే గడ్డం పెట్టి, కర్ర చేతికిచ్చి, పుట్టినరోజువాడు ఎక్కడుంటే అక్కడికి పంపిస్తారు. ఫోల్కెర్ట్ అక్క ఔక్యేకు ప్రేమ ఎప్పుడూ పొంగుతూనే ఉంటుంది. ఆవిడ తన మొగుడికి యాభై నిండిన రోజున అబ్రహాంను ట్రాక్టరెక్కించి అతను పనిచేసే బ్యాంకుకు పంపిన మనిషి.

ఫోల్కెర్ట్ కాఫీ తాగుతుండగానే ఆవిడ ఫోను వచ్చింది.

"లేచావట్రా తమ్ముడూ? యాభై పడ్డాయి నీకు."

"కాస్త మెల్లగా అక్కా."

"మెల్లగా ఎందుకు, పక్కన ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు. అయినా మెల్లగా. చూడు, బొమ్మలూ గిమ్మలూ పంపకు. నీకు దణ్ణం పెడతా."

"నా తమ్ముడికి బొమ్మ పంపుతానట్రా? నువ్వు బుద్ధిగా పనికి వెళ్లు. ఆయనే వస్తాడు," అని ఫోను పెట్టేసింది.

ఫోల్కెర్ట్ సైకిలు తొక్కుతూ దారి పొడుగునా గడ్డాలే వెతికాడు. మ్యూజియం చేరేదాకా ఎవరూ అడ్డుపడలేదు. కౌంటరు దగ్గర వీట్స్కే చెయ్యి ఊపింది. తనూ ఊపి, గండం గడిచిందనుకుని, తన గుంపు ఎదురుచూస్తున్న చోటికి వెళ్లాడు. గుంపు చివర అబ్రహాం నిలబడి ఉన్నాడు.

తెల్లటి గడ్డం బొడ్డు దాకా ఉంది. గోధుమరంగు ఉన్ని కోటు మడమల దాకా ఉంది. చేతిలో పైన వంపు తిరిగిన కర్ర. అక్క ఈసారి ఖర్చుకు వెనకాడలేదని ఫోల్కెర్ట్‌కు అర్థమైంది. గబగబా వెళ్లి ముసలాయన చెవి దగ్గర నోరు పెట్టాడు.

"మిమ్మల్ని ఎవరు పంపారో నాకు తెలుసండీ. దయచేసి వెళ్లిపోండి. వచ్చి కలిశానని మా అక్కకు చెప్పేయండి, నేనూ అలాగే చెబుతా."

ముసలాయన చల్లగా నవ్వాడు. కర్ర ఎత్తి పై అంతస్తు వైపు చూపించి, "అబ్రహాం," అన్నాడు. ఫోల్కెర్ట్ పై ప్రాణాలు పైనే పోయాయి.

ఇక చేసేదేముంది, ఆయన నోరు తెరిచే వ్యవధి ఇవ్వకుండా గుంపును పరిగెత్తించడం ఒక్కటే దారి. ఆ పూట ఆ గుంపు దాటినన్ని గొప్ప బొమ్మలను ఇంకే గుంపూ దాటి ఉండదు. "ఎడమ పక్క సముద్రం, కుడి పక్క ఓడలు, ఎదురుగా చచ్చిన కుందేలు, పదండి పదండి," అంటూ ఫోల్కెర్ట్ ముందు నడుస్తుంటే మిగతావాళ్లు రొప్పుతూ వెంటపడ్డారు. వాళ్లలో బడి నడిపి రిటైరైన బోమ్స్మా గారని ఒక పెద్దావిడ ఉంది. ఆవిడకు ఇది ఏమాత్రం నచ్చలేదు.

"ఏమండీ గైడు గారూ, ఆ బొమ్మలో ఆవిడెందుకు ఏడుస్తోంది?"

"మనం ఆలస్యం చేస్తున్నామని."

"నా బళ్లో పిల్లలు ఇలా పరిగెడితే చెవి మెలేసేదాన్ని."

"కిందికి దిగాక మెలేద్దురుగాని, ముందు లిఫ్టు ఎక్కండి."

లిఫ్టులో అందరినీ కుక్కి, ముసలాయనకు మాత్రం చోటు లేదని చేతులతో చెప్పి, తలుపు మూసుకోగానే ఫోల్కెర్ట్ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. పై అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి ముసలాయన ఎదురుగా నిలబడి ఉన్నాడు. మెట్లెక్కి వచ్చినట్టున్నాడు, కనీసం ఆయాసపడటం కూడా లేదు. లిఫ్టులోంచి బయటికొస్తున్న వాళ్లకు మర్యాదగా తల వంచాడు కూడా.

అప్పుడు సీబ్రాండ్ అనే పడుచు మనిషికి అనుమానం వచ్చింది. అతను భార్యతో కలిసి సరదాగా వచ్చినవాడు, ఎవరికీ కీడు తలపెట్టని మనిషి.

"ఈయన అబ్రహాం వేషం కదూ? మనలో ఎవరికండీ యాభై?" అన్నాడు.

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. బోమ్స్మా గారి చూపు తిరిగి తిరిగి గైడు మీద ఆగింది.

"మీ వయసెంత?"

"నలభై నాలుగు."

"చెవుల పక్కన అంతకంటే ఎక్కువ కనిపిస్తోందే."

ఈ మాట కింద కౌంటరు దాకా వెళ్లడానికి ఎంతసేపు? ఆలోచించే తీరిక లేక ఫోల్కెర్ట్ చెయ్యి చాచి సీబ్రాండ్‌ను చూపించాడు. "పుట్టినరోజు వీరిదండీ. వీరావిడ రహస్యంగా ఏర్పాటు చేశారు."

"నాకు ముప్పై ఎనిమిదే," అన్నాడు సీబ్రాండ్.

"నేనేం ఏర్పాటు చెయ్యలేదే," అంది అతని భార్య.

"అందరూ అలాగే అంటారు," అని బోమ్స్మా గారు అతని చెయ్యి పట్టుకుని ఊపేసింది.

"నేను యాభై ఏళ్లవాడిలా ఉన్నానా?" అని సీబ్రాండ్ భార్యను అడిగాడు. ఆవిడ జవాబు చెప్పేముందు అతని ముఖాన్ని కాస్త ఎక్కువసేపు పరిశీలించింది. పాపం, అతను అక్కడే బెంచీ మీద కూలబడ్డాడు.

అక్కడ పుట్టినరోజంటే ఆ ఒక్క మనిషినే అభినందించి ఊరుకోరు. భార్యనూ, అత్తనూ, పక్కన నిలబడ్డవాళ్లనూ అందరినీ అభినందించాలి. గుంపులో వాళ్లంతా ఒకరి చేతులు ఒకరు ఊపుకోవడం మొదలుపెట్టారు. పక్క గదుల్లో జనం కూడా వచ్చి చేతులు కలిపారు. వేరే దేశాల యాత్రికులు ఇదీ టిక్కెట్టులో భాగమేమోననుకుని వరసలో నిలబడ్డారు. ఎవరో పాటెత్తుకున్నారు. ముసలాయన చేతిని అయితే కనీసం అరవై మంది ఊపి ఉంటారు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

ఈ ఊరేగింపు తోసుకుంటూ తోసుకుంటూ చివరి గదిలోకి వెళ్లింది. అక్కడ గోడకు ఆ రోజు కొత్తగా తగిలించిన పెద్ద చిత్రం ఒకటి ఉంది. తెల్లగడ్డం అబ్రహాం ఒంటెల పక్కన నడుస్తున్న బొమ్మ. ముసలాయన నేరుగా వెళ్లి దాని కింద నిలబడ్డాడు. గడ్డానికి గడ్డం, కర్రకు కర్ర సరిపోయాయి. జనం చప్పట్లు కొట్టారు. అప్పుడాయన కోటు లోపలి జేబులోకి చెయ్యి పోనిచ్చాడు.

అట్ట తీస్తున్నాడనుకున్నాడు ఫోల్కెర్ట్. యాభై అంకె, దాని కింద తన పేరు. సరిగ్గా అదే సమయానికి గది గుమ్మంలో వీట్స్కే కనిపించింది. ఆమె వెనక మ్యూజియం డైరెక్టరు వాన్ హెఫ్టెన్ పరిగెత్తుకుంటూ వస్తున్నారు. ఆ గడ్డం ఊడిపోతే అబ్రహామే ఉండడు, అబ్రహాం లేకపోతే యాభై ఉండదు. ఫోల్కెర్ట్ ఒక్క ఉదుటున వెళ్లి రెండు చేతులా గడ్డం పట్టి లాగాడు.

గడ్డం రాలేదు. గడ్డంతో పాటు ముసలాయన వచ్చాడు. ఆయన జేబులోంచి కళ్లజోడు కిందపడింది.

"మకాస్కిల్ దొరగారూ," అన్నారు డైరెక్టరు నీరసంగా. "మీరు స్కాట్లండ్ నుంచి సాయంత్రానికి వస్తారనుకున్నాం. పొద్దున్నే టిక్కెట్టు కొనుక్కుని లోపలికెళ్లారని వీట్స్కే చెబితేగానీ తెలియలేదు." తర్వాత గైడు వైపు తిరిగారు. "ఈ చిత్రం వీరి ఇంటిదయ్యా. పదేళ్లు మన దగ్గర ఉంచుతామని ఈ సాయంత్రం సంతకం పెట్టబోతున్నారు. నువ్వేం చేస్తున్నావు?"

గడ్డం ఇంకా ఫోల్కెర్ట్ చేతుల్లోనే ఉంది. నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. వీట్స్కే తననే చూస్తోంది.

"గౌరవం చేస్తున్నానండీ," అన్నాడు. తర్వాత దొరగారికి అర్థమయ్యేలా ఇంగ్లీషులో, "పెద్దలకు మేం ఇలాగే స్వాగతం చెబుతామండీ. గడ్డం పట్టుకుని," అన్నాడు.

అంతవరకూ డచ్చి భాష ఒక్క ముక్క అర్థంకాక నవ్వుతూ తిరిగిన దొరగారు డైరెక్టరును చూశారు. "నిజమేనా?"

డైరెక్టరు సంతకాన్ని తలచుకున్నారు. "నిజమేనండీ. చాలా పాత ఆచారం," అన్నారు. వెంటనే సెక్రటరీని పిలిచి, సాయంత్రం సంతకాల సభకు రాబోయే ప్రభుత్వ సాంస్కృతిక శాఖాధికారికి ఈ సంగతి ఫోనులో చెప్పమన్నారు.

"మా కొండల్లో మర్యాద చేస్తే ఉంచుకోం. తిరిగి చేసేస్తాం," అని దొరగారు ముందుకొచ్చి డైరెక్టరు పిల్లిగడ్డం పట్టుకున్నారు. ఏళ్ల తరబడి పొట్టేళ్లను కొమ్ములు పట్టి ఆపిన చెయ్యి అది. డైరెక్టరు కళ్లలో నీళ్లు తిరిగాయి. దొరగారు అవి ఆనందబాష్పాలనుకుని ఇంకోసారి లాగారు. తర్వాత కాపలావాళ్ల వంతు వచ్చింది. బోమ్స్మా గారు, "నాకు గడ్డం లేదండీ," అని వెనక్కి జరిగింది.

"చుబుకం ఉంది కదమ్మా," అని దొరగారు ఆవిడకూ లోటు చెయ్యలేదు.

దొరగారు వీట్స్కే వైపు తిరిగారు. చెయ్యి చాచారు. ఆమె అయోమయంగా ఫోల్కెర్ట్‌ను చూసింది. భయంతో కాదు, ఇది నిజమైతే నిలబడతాను, నువ్వు చెప్పు అన్నట్టు చూసింది. ఆ చూపుకు ఫోల్కెర్ట్ సిగ్గుతో చితికిపోయాడు. వెళ్లి ఇద్దరికీ మధ్య నిలబడ్డాడు.

"ఆగండి. ఆచారం లేదు, పాడూ లేదు. నేనే కల్పించా. మిమ్మల్ని మా అక్క పంపిన అబ్రహాం అనుకున్నా. నాకు ఈ రోజు యాభై నిండాయి. అది ఈమెకు తెలియకూడదని ఇదంతా చేశా," అని ఇంగ్లీషులో ఒకసారి, డచ్చిలో ఒకసారి చెప్పాడు.

గుంపు వెనక నుంచి సీబ్రాండ్, "హమ్మయ్య," అన్నాడు.

"నాకు తెలుసులెండి," అంది వీట్స్కే.

"ఎలా?"

"ఉద్యోగంలో చేరిన రోజు నలభై నాలుగన్నారు. పోయినేడు నలభై నాలుగన్నారు. మొన్న కూడా అదే. ఆరేళ్లయింది ఫోల్కెర్ట్ గారూ. నేను రోజూ కౌంటరు లెక్కలు చూసే మనిషిని."

"మరి ఒక్కసారైనా అనలేదే?"

"ఒక్క మాట మీద నిలబడే మగవాడు దొరికాడు కదా అని ఊరుకున్నా."

డైరెక్టరు పిల్లిగడ్డం రుద్దుకుంటూ దొరగారి ముందు చేతులు నలిపారు. ఆ పెద్దాయన వంగి కిందపడ్డ కళ్లజోడు తీసుకున్నారు.

"అంటే ఇందాక చేతులు కలిపినవాళ్లంతా నన్ను చూసి సంతోషించినవాళ్లు కాదా?"

"కాదండీ. సీబ్రాండ్ గారిని చూసి," అన్నాడు ఫోల్కెర్ట్ తల దించుకుని.

"ఎనభై దాటాక నన్నెవరూ ఇంత గట్టిగా పట్టుకోలేదయ్యా," అని దొరగారు కళ్లజోడు తుడిచి పెట్టుకున్నారు. "సంతకం ఎక్కడ పెట్టమంటారు?"

సాయంత్రం సభ దివ్యంగా జరిగింది. ఆచారం ఉందని శాఖాధికారికి ఫోను చేయించిన డైరెక్టరు, లేదని చేయించడం మరిచిపోయారు. అధికారి వేదికెక్కి, అందరికీ నమస్కరించి, దొరగారి గడ్డాన్ని భక్తితో ఒక లాగు లాగి కూర్చున్నారు. అక్క పంపిన అసలు అబ్రహాం రైలు దిగి పొరపాటున వేరే మ్యూజియానికి వెళ్లి, పుట్టినరోజు తనదని ఎవరూ ఒప్పుకోకపోతే కాఫీ తాగి వెళ్లిపోయాడట.

సభ అయ్యాక కాలవ పక్క హోటల్లో ఫోల్కెర్ట్ మనసులో మాట చెప్పేశాడు. వీట్స్కే కాదనలేదు. ఇక మీదట ఇద్దరి మధ్యా అబద్ధాలుండకూడదని మాత్రం గట్టిగా చెప్పింది.

"మరి మీ వయసెంతో చెప్పలేదు," అన్నాడు ఫోల్కెర్ట్ ధైర్యం చేసి.

"నలభై ఒకటి. మీరు చేరిన రోజే చెప్పాగా, మరిచిపోయారా?"

లెక్కలు తనకూ వచ్చన్న సంగతి ఫోల్కెర్ట్ బయటపెట్టలేదు.