అమూల్యని దించడం

పాలకోడూరులో బస్సు కండక్టర్ గోవిందు కూతురు అమూల్య ఒక ఆదివారం మధ్యాహ్నం పప్పన్నం తింటూ తింటూ పైకి లేచి, హాలు కప్పుకి వీపు ఆనించుకుని అక్కడే ఉండిపోయింది. మర్నాడు మున్సిపాలిటీ వాళ్లు వచ్చి రూలు ప్రకారం ఫ్యాను విప్పుకుని పోయారు, రసీదు ఇచ్చారు. ఆ మర్నాడు బడి నుంచి సెలవు మంజూరైంది. ఊరికిది కొత్త కాదు. ఏ వీధిలో చూసినా ఒకరో ఇద్దరో పైన ఉంటారు. పాలవాడు గుమ్మంలో నిలబడి, "పైనున్నోళ్లకి కూడా కలిపి పొయ్యమంటారాండీ?" అని అడిగి మరీ పోస్తాడు.

ఇలా పైకి పోయినవాళ్ల కోసం మున్సిపల్ ఆఫీసులో, కుళాయిల గదికీ జనన మరణాల గదికీ మధ్య, పైకప్పు విభాగం అని ఒకటుంది. ఉగాది లోపల మనిషిని దించడం దాని పని. దించలేకపోతే ఆ మనిషిని క్రమబద్ధం చేస్తారు. అంటే తాపీమేస్త్రీ వచ్చి పైనున్న మనిషి చుట్టూ అటక కట్టేస్తాడు, ఇంటిపన్ను ఆ మేరకు సవరిస్తారు. అటక కట్టాక దిగినవాళ్లు ఎవరూ లేరు. ఆ అటక మీద పాత ట్రంకుపెట్టెలూ ఇత్తడి బిందెలూ కూడా పెట్టుకోవచ్చని, దయగల ప్రభుత్వం కాబట్టి, వెసులుబాటు ఇచ్చింది.

అమూల్య ఫైలు హైమవతి చేతికొచ్చేసరికి ఉగాది దగ్గర పడింది. హైమవతి కుటుంబ సలహాల కోర్సు చదువుతూ శిక్షణ కోసం ఆ విభాగంలో చేరింది. ఇదే ఆమె మొదటి కేసు. మంచి పిల్ల, కానీ చదువుకున్న ప్రతి ముక్కా సాయంత్రంలోగా ఎవరో ఒకరి మీద ప్రయోగించకపోతే నిద్రపట్టని రకం. ఆమె చేతిసంచీలో ఎప్పుడూ ఒక సన్నికల్లు పొత్రం ఉంటుంది. ఇంటర్మీడియెట్ రోజుల నుంచీ ఉంది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమే ఎవరికీ చెప్పలేదు.

విభాగం పద్ధతి ప్రకారం శిక్షణలో ఉన్నవాళ్లు మాట్లాడుతుంటే పై అధికారి తెర వెనక కూర్చుని వినాలి. రత్నకుమారి మేడమ్ గోవిందు ఇంట్లో బట్టలారేసే తాడు మీద దుప్పటి వేయించుకుని, దాని వెనక పీట మీద కూర్చుంది. సలహాలిచ్చేవాళ్లు ఇంట్లో ఎవరి పక్షమైనా వహిస్తే ఆవిడ దగ్గుతుంది. అదీ నియమం. మొదటి రోజు ఆవిడ ఎంత దగ్గిందంటే, గోవిందు భార్య సత్యవేణి జాలిపడి మిరియాల కషాయం పెట్టి దుప్పటి కింద నుంచి లోపలికి తోసింది.

నేల మీద ముగ్గుతో వంశవృక్షం గీయడం మొదటి పని. మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి సున్నా, పడనివాళ్ల మధ్య వంకర గీత. హైమవతి గీస్తూ పోయింది. గోవిందు తన చతురస్రం పక్కన గొంతుక్కూర్చుని, "నేనూ చిన్నప్పుడు పైనే ఉండేవోణ్నండి. మా అమ్మా నాన్నా ఎడమొహం పెడమొహంగా ఉండేవోరు. అప్పట్లో ఈ అటకల రూలు లేదు, పెళ్లికి దింపేరు," అన్నాడు, ఏ బడిలో చదివాడో చెప్పినంత మామూలుగా.

ఆ ఇంట్లో మాట్లాడుకునే తీరు హైమవతికి అరగంటలోనే తెలిసింది. గోవిందూ సత్యవేణీ జానెడు దూరంలో కూర్చుని కూడా ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. అన్నీ అమూల్య మీదుగానే వెళ్లి రావాలి.

"అమ్మూ, మీ నాన్నని మజ్జిగ తాగుతారేమో అడుగు," అంది సత్యవేణి.

"నాన్నా, మజ్జిగ తాగుతావా?" అంది అమూల్య పైనుంచి.

"ఉప్పు వెయ్యొద్దని చెప్పు."

"ఉప్పు వద్దంటమ్మా."

ఎప్పుడు మొదలైందో ఆ ఇద్దరికీ గుర్తు లేదు. కోపం వచ్చిన కొత్తలో ఏ మొగుడూ పెళ్లాలైనా చేసే పనే. కోపం పోయినా అలవాటు మిగిలింది. పిల్లకి మాటలు రాగానే మొదట నేర్చుకున్నది 'అడగమంటోంది', 'చెప్పమన్నాడు' అన్నవే. పైకి పోయాక పని ఇంకా సులువైంది. అక్కణ్నుంచి వంటింట్లో మాటా వీధరుగు మీద మాటా రెండూ బాగా వినపడతాయి.

హైమవతికి పిల్ల కోసం ప్రాణం కొట్టుకుంది. ముందు పిల్లని దించేస్తే తక్కిన సంగతులు తీరిగ్గా చూసుకోవచ్చు అనుకుంది. విభాగం స్టోరు నుంచి ఇసుక మూటలు తెప్పించి అమూల్య నడుముకి కట్టింది. పిల్ల మెల్లగా కిందికొచ్చి మంచం మీద కూర్చుంది. దుప్పటి వెనక నుంచి పెద్ద దగ్గు వినిపించింది, కానీ హైమవతి అప్పటికే సంతోషంగా చెప్పులు వేసుకుంటోంది.

మర్నాడు ఉదయం వచ్చి చూస్తే అమూల్య మంచం మీద ఉంది, గోవిందు కప్పుకి ఆని ఉన్నాడు. ఖాకీ చొక్కా, భుజాన టిక్కెట్ల సంచీతో సహా.

"అమ్మూ, పైకి దోసె అందించాలో వద్దో మీ నాన్నని అడుగు," అంటోంది సత్యవేణి, పెనం మీంచి చూపు తిప్పకుండా.

అమూల్య కాసేపు తండ్రిని చూసింది. తర్వాత నడుముకున్న మూటలు ఒక్కొక్కటే విప్పి, నిద్రపోయిన పసిబిడ్డని పడుకోబెట్టినంత జాగ్రత్తగా నేల మీద పెట్టింది. ఆమె పైకి పోతుంటే గోవిందు కిందికి వచ్చాడు. ఎదురైన చోట ఆమె తండ్రి చొక్కా కాలరు సరిచేసి, "డ్యూటీకి టైమవుతోంది కదా, నువ్వెళ్లు నాన్నా," అంది. హైమవతి వంటింట్లోకి వెళ్లి మొహం కడుక్కుని వచ్చింది. ఏడుపు ఆపుకోవడం కోర్సులో చెప్పలేదు.

"ఎక్కినవాళ్లనొక్కళ్లనే చూస్తే ఇలాగే అవుతుందమ్మా," అంది రత్నకుమారి మేడమ్, ఆ రోజు ఆఫీసుకి నడిచిపోతూ. "ఒకళ్లని దించితే ఇంకొకళ్లు ఎక్కుతారు. ఇల్లు తనకి అలవాటైన బరువులోనే ఉంటుంది. ఆ పిల్ల పైనుండబట్టి ఆ ఇంట్లో ఏం ఆగిందో అది కనుక్కో."

ఉగాదికి ముందు మిగిలిన ఆఖరి సెలవు రోజున మళ్లీ దుప్పటి కట్టారు. మేస్త్రీ కూడా కొలతలకి వచ్చి గుమ్మంలో టేపు పట్టుకుని కూర్చున్నాడు. తనకి అవతల ఇంకో రెండిళ్లు ఉన్నాయని వినయంగా చెప్పాడు.

హైమవతి ఈసారి మూటలు తేలేదు. తల పైకెత్తి అడిగింది.

"అమూల్యా, నువ్వు పైకెళ్లిపోయినప్పుడు అమ్మా నాన్నా ఏం చేశారు?"

"అమ్మ ఈ కాలు పట్టుకుందండి. నాన్న ఈ కాలు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి లాగేరు."

"అంతకు ముందు ఇద్దరూ కలిసి ఏదైనా పట్టుకోవడం నువ్వు చూశావా?"

అమూల్య ఆలోచించింది. "లేదండి."

"పైకెళ్లకముందు ఎవరైనా నిన్ను ఏమైనా చెప్పమన్నారా?"

పిల్ల కప్పు మీద వేలితో సున్నం గీకింది. పొడి రాలి ముగ్గు మీద పడింది. "చెప్పమన్నారండి. కానీ నోట్లో ముద్ద ఉంది. మింగేక చెబుదామనుకున్నాను. మింగుడు పడలేదు."

"ఆ మాట ఎవరిది?"

"అమ్మదండి."

"అయితే అమ్మకి ఇచ్చెయ్యి. నీది కాని మాట నువ్వెందుకు మోస్తావు?"

అమూల్య తల్లి వైపు చూసింది. "అమ్మా, అది నువ్వే చెప్పుకో. నేను చెప్పలేను," అంది.

సత్యవేణి చేతిలో ఉన్న చిక్కుడుకాయ ఈనె తీసింది. ఇంకోటి తీసింది. తర్వాత, ఫ్యాను ఉండే కొక్కేన్ని చూస్తూ, "అక్క వాళ్లింటికి వెళ్లిపోదామనుకున్నాను. ఇంక రాకుండా," అంది. దుప్పటి వెనక పీట కిర్రుమంది. సత్యవేణి చూపు కొక్కెం మీంచి దించుకుని మొగుడి మొహం మీద పెట్టింది. "మీతోనే అంటున్నాను."

గోవిందు చాలాసేపు అలవాటుగా పైకే చూశాడు, ఆ మాట కూతురి నోటి నుంచి వస్తుందేమో అని. రాలేదు. మెల్లగా మెడ తిప్పాడు. "మరి ఎల్లలేదే?"

"దీని కాలు పట్టుకుని ఉన్నాను కదా."

"రెండో కాలు నేను పట్టుకున్నాను."

"చూశాను."

అక్కణ్నుంచి తగువు మొదలైంది. ఏళ్ల తరబడి నిలవున్న తగువు. డ్యూటీ దిగి ఇంటికి రాకుండా టీ బడ్డీ దగ్గర ఎందుకు కూర్చుంటారని ఆవిడ, వస్తే మొహం చూసేవోళ్లెవరని ఆయన. బస్సులో ఊరందరితో నవ్వుతూ మాట్లాడతారట కదా అని ఆవిడ, ఆళ్లు నాకు ఎదురు మాట్లాడతారు కాబట్టి అని ఆయన. గొంతులు పెరిగాయి. హైమవతికి సత్యవేణి పక్కకి వెళ్లి నిలబడాలనిపించింది. వెళ్లబోయింది. దుప్పటి దగ్గింది. ఆగిపోయింది.

"నేను మధ్యలోకి వెళ్లనాండీ?" అంది అమూల్య కంగారుగా.

"వద్దమ్మా. అది వాళ్ల తగువు. వాళ్లనే పడనీ."

అమూల్య కప్పు నుంచి బెత్తెడు కిందికి జరిగింది. ఇంకో మాటకి ఇంకో బెత్తెడు. తల్లి ఏడ్చినప్పుడు కొంచెం పైకి లేచింది. తండ్రి, "ఏడవకే," అని నేరుగా ఆమెతోనే అనేసరికి మళ్లీ దిగింది. ఆఖరికి పిల్ల మంచం మీదకి వచ్చి కూర్చున్న సంగతి ఆ ఇద్దరూ గమనించనే లేదు. మేస్త్రీ టేపు చుట్టేసుకుని, ఈ ఇంట్లో పని లేదని చెప్పి వెళ్లిపోయాడు.

"ఆకలేస్తోందండి," అంది అమూల్య. రత్నకుమారి మేడమ్ దుప్పటి తప్పించుకుని వచ్చి, వంటింట్లో తానే అన్నం కలిపి తెచ్చి పెట్టింది. ఇది నియమాలకి విరుద్ధం. సత్యవేణి వెళ్తుందో ఉంటుందో ఆ రోజు తేలలేదు. తేల్చడం విభాగం పని కూడా కాదు.

వెళ్లేటప్పుడు అమూల్య హైమవతి కొంగు పట్టుకుంది. "నిద్దర్లో మళ్లీ లేచిపోతే?"

హైమవతి సంచీలోంచి పొత్రం తీసి పిల్ల ఒళ్లో పెట్టింది. "ఇది పక్కలో పెట్టుకుని పడుకో. నాకు చాలా ఏళ్లు పనికొచ్చింది."

"మరి నీకో?" అంది మేడమ్ వీధిలోకి వచ్చాక.

"నాకింక అక్కర్లేదండి. చదువుకున్నాను కదా," అంది హైమవతి. మేడమ్ దగ్గింది. కషాయం ఇచ్చేవాళ్లు దగ్గర లేరు.

మర్నాడు పొద్దున్న హైమవతి ఆఫీసుకి వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. సంచీ తేలిగ్గా ఉంది. ఫోను మోగింది. తల్లి.

"మీ నాన్నని గ్యాసు బండ చెప్పారేమో అడుగవే."

"నాన్న ఎక్కడున్నాడమ్మా?"

"ఎక్కడికి పోతారు, ఎదురుగానే ఉన్నారు. పేపరు చదువుతున్నారు."

నువ్వే అడగమ్మా అనాలి. నిన్న ఒక పిల్ల చేత అనిపించిన మాటే. హైమవతి నోరు తెరిచింది కూడా. అవతల పేపరు పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. "అలాగే ఇదీ అడుగవే, ఇంకెన్నాళ్లిలాగ అని," అంది తల్లి నెమ్మదిగా, బండ గురించి అడిగిన గొంతుతోనే.

"సరేనమ్మా, అడుగుతాను," అంది హైమవతి. ఫోను పెట్టేసి తండ్రి నంబరు నొక్కుతుంటే ఆమె చెప్పులు బస్సు నేల మీద మిగిలిపోయాయి.

ఆ బస్సు కండక్టర్ గోవిందు. ఏమీ అడగలేదు. చెప్పులు రెండూ తీసి సీటు కింద సర్ది, కుదుపులకి తల తగలకుండా ఆమె మడమ ఒక చేత్తో మెత్తగా పట్టుకున్నాడు. రెండో చేత్తో టిక్కెట్టు చింపి పైకి అందించాడు. "ఆఫీసు దగ్గర దింపుతానండి, మీరు మాట్లాడుకోండి," అన్నాడు.

హైమవతి ఫోను చెవికి పెట్టుకుని తల పక్కకి తిప్పింది. బస్సు కప్పుకి వేసిన తెల్లరంగు, వరసగా ప్రతి సీటు పైనా, గుండ్రంగా తలనూనె మరకలు పట్టి నల్లబడి ఉంది.

"నాన్నా," అంది. "అమ్మ అడగమంటోంది."