రాజుగారికి తీరిక లేదు

ఈ విద్యా సంవత్సరం నుంచి బడిపిల్లలెవరూ సిగ్గుపడకూడదని ప్రభుత్వం నిర్ణయించింది. నాటకాలు వేస్తే ధైర్యం వస్తుందని, ధైర్యమొస్తే దేశం బాగుపడుతుందని విద్యామంత్రిగారు పత్రికలవాళ్ల ముందు ప్రకటించారు. కాగితం చూసే చదివారు గానీ, ఎక్కడా తడబడలేదు.

పథకం ప్రారంభోత్సవం తమ బళ్లోనే అని తెలిసి డ్రామా మాస్టారు పొంగిపోయారు. ఆయన దగ్గర 'దర్బారు' అనే నాటకం సిద్ధంగా ఉంది. అందులో ద్వారపాలకురాలి వేషం గుసగుసది. ఏడో తరగతి పిల్ల. హాజరు పలికితే పక్క బెంచీకి కూడా వినపడదు కాబట్టి ఆ పేరు ఖాయమైపోయింది. ఆమెకున్నది ఒక్కటే డైలాగు: "ఆగండి. రాజుగారికి తీరిక లేదు. రేపు రండి."

నెలల తరబడి మాస్టారు ఖాళీ హాల్లో చివరి వరుసలో కూర్చుని దానికోసం చెవులు రిక్కించారు. మొదట్లో పెదాలు కదలడమే కనిపించేది. మొన్న మాత్రం స్పష్టంగా వినపడింది. మాస్టారికి కళ్లు చెమర్చాయి.

"మా అమ్మ వస్తానంది సార్. బళ్లో నా గొంతు ఎలా ఉంటుందో వినాలంట" అంది పిల్ల.

ప్రారంభోత్సవానికి ముందురోజు మంత్రిగారి పీఏ తనిఖీకి వచ్చాడు. చాలా బాధ్యత గల మనిషి.

"యుద్ధం సీను తీసెయ్యండి. ఎవరు ఓడినా మనకే తగులుతుంది."

"మరి కరువు సీను?"

"మా హయాంలో కరువు లేదు కదండీ."

"దొంగ?"

"అస్సలొద్దు. అదే స్టేజీ మీద సార్ కూడా ఉంటారు. జనం పోల్చి చూస్తారు."

"పోనీ, రాజు?"

"ఆ సింహాసనం బావుంది. సార్‌కి వేయిద్దాం. రాజుగారబ్బాయిని కింద కూర్చోబెట్టండి."

ఇక మిగిలింది ద్వారపాలకురాలు.

"సెక్యూరిటీయా? ఉండాల్సిందే, ప్రోటోకాల్" అన్నాడు పీఏ. "కాకపోతే మాట్లాడక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలు. నిలబడటమంటే చిన్న విషయమనుకునేరు. మా సార్ పార్టీ పెద్దాయన గేటు ముందు ఏళ్ల తరబడి నిలబడే ఇంతవారయ్యారు. గేటువాడు ఏమన్నా నొచ్చుకున్నది లేదు."

మాస్టారు పిల్ల దగ్గరికి వెళ్లారు. ఉన్నమాట చెప్పడానికి నోరు రాలేదు.

"నాటకంలో నువ్వొక్కదానివే మిగిలావమ్మా."

"డైలాగు ఎప్పుడు చెప్పాలి సార్?"

"ఎవరైనా గుమ్మం దగ్గరికొస్తే చెప్పు" అన్నారు మాస్టారు, ఇక వచ్చే పాత్రలేవీ లేవు కదా అన్న ధీమాతో.

మర్నాడు హాలు కిక్కిరిసింది. తెర లేచింది. అట్టతో చేసిన కోటగుమ్మం, దాని వెనక సింహాసనం, ముందు బల్లెం పట్టుకుని గుసగుస. జిందాబాద్‌ల మధ్య మంత్రిగారు పూలగుత్తితో మెట్లెక్కి గుమ్మం దగ్గరికొచ్చారు.

బల్లెం అడ్డం పడింది.

"ఆగండి. రాజుగారికి తీరిక లేదు. రేపు రండి."

చివరి వరుస దాకా వినపడింది. అక్కడ వాళ్లమ్మ లేచి నిలబడింది. తెర పక్కన మాస్టారు మాత్రం గోడ పట్టుకున్నారు, ఉద్యోగం ఊడినట్టేనని.

మంత్రిగారు చప్పున చెప్పులు విడిచారు. నడుము వంచారు.

"చిత్తం. ఎన్నింటికి రమ్మంటారండీ?"

ఇది నాటకంలో లేదు. గుసగుస ఒక్క క్షణం ఆలోచించింది.

"పొద్దున్నే."

"అలాగేనండీ. నేనొచ్చి వెళ్లానని మాత్రం ఒక్కమాట చెప్పండి."

అదే వినయంతో మెట్లు దిగి, కారెక్కి వెళ్లిపోయారు. ఆయన లేనిచోట తామూ ఉండకూడదు కాబట్టి పీఏ, అధికారులు, కార్యకర్తలు అందరూ వెనకే పరుగెత్తారు. బోలెడంత సమయం మిగిలింది. కరువొచ్చింది, యుద్ధం జరిగింది, దొంగ దొరికాడు, రాజు సింహాసనమెక్కాడు. చప్పట్లకి అట్టగుమ్మం కూలింది.

పిల్లల కోసం మంత్రిగారు తన ప్రసంగాన్నే త్యాగం చేశారని పత్రికలు కొనియాడాయి. మాస్టారు తెల్లారి ఆ వార్త చదువుకుంటూ, బతికిపోయాననుకుంటూ బడికి వచ్చారు. గేటు పక్కన మంత్రిగారు నిలబడి ఉన్నారు. చేతిలో నిన్నటి పూలగుత్తే, కాస్త వాడింది.

"అయ్యో, లోపలికి రండి సార్" అన్నారు మాస్టారు కంగారుగా.

మంత్రిగారు ఏదో అన్నారు. మాస్టారు దగ్గరికి జరిగి చెవి ఒగ్గితే గానీ వినపడలేదు.

"ఆ అమ్మాయిగారు రానివ్వండి."

అంతలో గుసగుస సంచీ ఊపుకుంటూ వచ్చింది. మంత్రిగారిని, పూలగుత్తిని చూసింది.

"ఇంటర్వెల్లో కనపడండి" అని లోపలికి వెళ్లిపోయింది.

మంత్రిగారు తలూపి, ఎండ తగలకుండా గోడవారకు జరిగి నిలబడ్డారు.