మంచమెక్కిన మొక్కుబడి

పొట్టేలు మంచం మీద నిలబడి దిండు గలీబు నములుతోంది. కొమ్ములకు పసుపు, మెడలో వేపాకుల దండ, కాళ్ల కింద సుచిత్ర ఉతికి పరిచిన తెల్ల దుప్పటి. గది నిండా జనం. గుమ్మంలో నిలబడిన సుచిత్ర చెవి దగ్గర ఫోను, ఫోనులో ఇంటి ఓనరు గంగాధర్.

"హిందూపురంలో బయల్దేరినాం సుచిత్రమ్మా. మా అమ్మ ఇల్లు చూస్తానంటాంది."

పెనుకొండ కోట కింద ఉన్న ఆ ఇంటిని సుచిత్ర అతని దగ్గర బాడుగకు తీసుకుని, ఊరు చూడవచ్చేవాళ్లకు రోజువారీగా ఇస్తోంది. గంగాధర్ షరతులు రెండే. గుంపు చేరకూడదు, జంతువు గడప తొక్కకూడదు. ఏది కంటబడినా ఆ పూటే తాళాలు వెనక్కి ఇచ్చేయాలి. ఇచ్చేస్తే మళ్లీ బట్టలు కుట్టుకుందామన్నా సుచిత్రకు కుట్టు మిషను లేదు. అది అమ్మే మంచాలు కొంది.

ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుని రొద్దం నుంచి నిన్న వచ్చింది తిరుపాల్, అతని భార్య మంజులత. ఇద్దరే. పొట్టేలు మాట ఎత్తలేదు.

"కొండమీద చిరుత తిరుగుతాందంట కదక్కా," అన్నాడు తిరుపాల్. "మారెమ్మకు మొక్కిన జీవాన్ని బయట యాడ కట్టేసేది? లోపలికి తోలుకొస్తిమి. తెల్లారి చూస్తే మంచమెక్కి ఉండాది."

"అయితే దించు!"

"దించగూడదక్కా. పసుపునీళ్లు పోసినాం. అది ఒళ్లు విదిలిస్తేనే అమ్మ ఒప్పుకున్నట్టు. అందాకా లాగగూడదు, కొట్టగూడదు."

పొట్టేలు విదిలించలేదు. విదిలించలేదంటే ఎవరో తప్పు దాచుకున్నారని లెక్క. వాళ్లు వచ్చి ఒప్పుకోవాలి. పొద్దున్నే తిరుపాల్ అలిగి ఉన్న పెదనాయనకు ఫోన్ చేశాడు. ఆయన కొత్తచెరువు నుంచి సంసారంతో దిగి, మర్యాదలు చేయించుకుని, అలక మానాడు. పొట్టేలు కదల్లేదు. పెదనాయనకు మేనత్త వెంకటమ్మ మీద అనుమానం. ఆమె ధర్మవరం నుంచి కోడళ్లతో సహా వచ్చి, మంజులతకు ఇస్తానన్న పట్టుచీర తన చిన్నకోడలికి ఇచ్చేశానని ఒప్పుకుంది. అది విని పెద్దకోడలు కొత్త గొడవ లేవదీసింది. పొట్టేలు అంతా శ్రద్ధగా విన్నది గాని విదిలించలేదు. ఒప్పుకోలుకొక చెంబు పసుపునీళ్ల చొప్పున పరుపు చెరువైంది.

"మీకు దండం పెడతా," అంది సుచిత్ర. "ఓనరొస్తాండాడు. అందరూ మిద్దెమీదికి పోండి. కిక్కురుమనగూడదు."

"పొట్టేలో?"

సుచిత్ర ఆలోచించింది. "లాగగూడదు, కొట్టగూడదు అంటిరి. కప్పగూడదని అన్లేదు కదా?"

గంగాధర్ వచ్చేసరికి పొట్టేలు కాళ్లు ముడుచుకుని పడుకుంది. దాని మీద రెండు దుప్పట్లు. పక్కన తిరుపాల్, మంజులత ఆసుపత్రి మొహాలతో నిలబడ్డారు.

"జొరమన్నా," అంది సుచిత్ర. "వీళ్ల మనిషే."

"నేలంతా నీళ్లేంది?"

"తడిబట్ట వేసినాం."

"ఇన్ని నీళ్లా?"

"జొరం ఎక్కువన్నా."

గంగాధర్ తల్లి ఉలిగమ్మ మనసు కరిగింది. "అయ్యో! ఆడమనిషా, మొగమనిషా?"

"మొగదే అవ్వా," అంది మంజులత, అబద్ధమాడకుండా.

నుదురు చూద్దామని ఉలిగమ్మ దుప్పటి కింద చెయ్యి పెట్టింది. కొమ్ము తగిలింది. ఆమె కెవ్వుమంది. పొట్టేలు దుప్పట్లతో సహా లేచి నిలబడింది, అవి జారి కింద పడ్డాయి. ఏమైందోనని మిద్దెమీది జనమంతా దబదబా మెట్లు దిగొచ్చారు.

గంగాధర్ చెయ్యి చాచాడు. "తాళాలు తే!"

సుచిత్ర నడుముకు దోపుకున్న తాళాలు తీసింది.

"ఉండప్పా," అంది ఉలిగమ్మ. ఆమె పొట్టేలు కొమ్ముల పసుపు చూసి అప్పటికే చేతులు జోడించింది. "ఇది ఎవరికి మొక్కింది?"

"మారెమ్మకవ్వా," అన్నాడు తిరుపాల్. "మా వంశమంతా ఒప్పుకున్నా విదిలించల్యా. తప్పెవరిదో తెలీకుండా ఉండాది."

"మీ వంశంలో వెతికితే యాడ దొరుకుతాది? ఈ ఇంటి గోడ రెండుతూర్లు కూలింది. నిలబడితే పొట్టేలునిస్తా తల్లీ అని మొక్కినోడొకడు ఉండాడు. గోడ నిలబడె, బాడుగ వస్తాండె. పొట్టేలు మాత్రం రాల్యా."

"అమ్మా, ఇప్పుడదంతా ఎందుకు?" అన్నాడు గంగాధర్.

"జీవాల్ని గడప తొక్కనీయద్దంటివే, ఎందుకో ఇప్పుడు అర్థమైతాంది. ఆ తాళాలు పాప దగ్గరే ఉండనీ. మొక్కు తీర్చేదాకా అడిగేదానికి నీకు మొగం ల్యా."

గంగాధర్ చాచిన చెయ్యి మెల్లగా జేబులోకి పోయింది.

వెంకటమ్మ చెంబు ముంచింది. "ఊరికే మొక్కినోడంటే చాలదమ్మా. పేరు గట్టిగా చెప్పల్ల. జీవానికి ఇనపడల్ల."

ఉలిగమ్మ కొడుకు మొహం ఒక్కసారి చూసింది. తర్వాత పొట్టేలు చెవి దగ్గరికి వంగి, గదంతా వినబడేలా చెప్పింది.

"గంగాధరు. నా కొడుకే."

వెంకటమ్మ చెంబు కుమ్మరించింది. పొట్టేలు కొమ్ముల నుంచి తోక దాకా ఒళ్లు విదిలించింది.

పరుపును మిద్దెమీద ఎండకు వేయడానికి మనుషుల కొరత లేకపోయింది.