సార్ల భోజన దినం రద్దయిన వైనం

దక్షిణ కొరియాలోని హ్వారిమ్ జిల్లా కార్యాలయంలో ‘సార్ల భోజన దినం’ అనే దురాచారం ఈ క్షణం నుంచి రద్దయిందని జిల్లా అధ్యక్షుడు తక్ గారు సోమవారం ఉదయం మైకులో ప్రకటించారు. చప్పట్లు ఆగాక, అసలు అలాంటి ఆచారం మన జిల్లాలో ఎన్నడూ లేదని కూడా ప్రకటించారు. ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి.

వెనక వరసలో నిలబడ్డ దాహీ రెండుసార్లూ కొట్టింది. ఆమెది తొమ్మిదో గ్రేడు. దానికింద ఇంకో గ్రేడు లేదు. నాలుగేళ్లుగా అక్కడే ఉంది. ఎనిమిదికి ఎక్కాలంటే రోడ్ల విభాగం చీఫ్ ప్యో గారు మార్కులు వేయాలి. ప్యో గారు మార్కులు వేయాలంటే ముందు భోంచేయాలి. సోమవారం ఒకరు, మంగళవారం ఒకరు, ఇలా కింది ఉద్యోగులు వంతులేసుకుని, ఆయన జీతంలో మూడో వంతు లేని తమ జీతాల్లోంచి ఆయనకి మధ్యాహ్న భోజనం పెట్టించేవారు. దాహీది గురువారం. లేని ఆచారమంటే ఇదే.

ఉద్యోగంలో చేరిన రోజున కంప్యూటర్ పాస్‌వర్డ్ కంటే ముందు ఆమె చేతికి ఒక నోటుబుక్కు వచ్చింది. బదిలీ మీద వెళ్లేవాళ్లు వచ్చేవాళ్లకి అప్పగించే పుస్తకం అది. ‘ప్యో సార్: ఉల్లికాడలు పడవు. నీళ్లు గోరువెచ్చగా. చెంచా కింద కాగితపు రుమాలు పరచాలి. కిటికీ పక్కన కూర్చోబెడితే సాయంత్రం దాకా ఎండ గురించే మాట్లాడతారు.’ దాహీ తన వంతుగా పదకొండు పేజీలు చేర్చింది.

బుధవారం తక్ గారు యువ సంస్కరణ సంఘం వేసి, ఫొటోలో బాగా పడుతుందని దాహీని దానికి నాయకురాలిని చేశారు. ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. జిల్లాలో యువత ఉన్నారని ఆయనకి అప్పుడప్పుడే తెలుస్తోంది.

“ముందు ఆ ఆచారం ఉందని రుజువు తీసుకురామ్మా. ఉంటేనే కదా రద్దు చేశామని చెప్పుకునేది?”

“లేదని మీరే అన్నారు కదా సార్?”

“అది సోమవారం నాటి మాట. ఇవాళ బుధవారం. రుజువు తెచ్చినవాళ్లకి ఎనిమిదో గ్రేడు. ఎవరి మార్కులూ అక్కర్లేదు, నేనే సంతకం పెడతా.”

దాహీ ఇరవై రెండు విభాగాలకి ప్రశ్నలు పంపింది. ఇరవై రెండూ ఒకటే జవాబిచ్చాయి: మా దగ్గర లేదు, పక్క విభాగంలో ఉంది. ఇక మిగిలింది నోటుబుక్కు. ఇస్తే ఎనిమిది. ఇచ్చాక తక్ గారు ఎన్నికల్లో ఓడిపోతే, ప్యో గారి కింద జన్మంతా తొమ్మిది. దాహీ రెండు రోజులు అన్నం సయించక, మూడో రోజు ఇచ్చేసింది.

ప్యో గారు కబురు పెట్టారు.

“ఉల్లికాడల సంగతి కూడా అందులో రాశారటగా?”

“మూడో పేజీ సార్.”

“నాకు పడవని ఎప్పుడైనా చెప్పానా?”

“చెప్పలేదు సార్. ముఖం అదోలా పెట్టేవారు.”

ప్యో గారు గోడ గడియారం చూశారు. “మరి ఇవాళ గురువారం కదా. నా భోజనం?”

“రద్దయింది సార్.”

“అది తెలుసులే. ఎక్కడ తింటారు, మామూలుగా మనుషులు?”

నోటుబుక్కుని కార్యాలయం ముందు హాల్లో గాజు పెట్టెలో పెట్టి, పైన దీపం వెలిగించారు. ‘చీకటి రోజుల గుర్తు’ అని కింద పలక. తక్ గారు దాని పక్కన నిలబడి ఏడు పత్రికలకి ఫొటోలిచ్చారు. దాహీకి ఎనిమిదో గ్రేడు వచ్చింది.

తరవాత తనిఖీలు మొదలయ్యాయి. తమ దగ్గర ఎవరూ ఎవరికీ భోజనం పెట్టించడం లేదని నిరూపించుకోవడానికి విభాగాలు పోటీలు పడి సంఘాన్ని భోజనానికి పిలిచాయి. ఒకే రోజు ఇద్దరు పిలిస్తే బాగుండదని దాహీ పట్టిక వేసింది. సోమవారం పన్నులు, కాల్చిన పాముచేప. మంగళవారం అడవులు, చల్లటి నూడుల్స్. ఖర్చు ఆయా విభాగాల్లోని తొమ్మిదో గ్రేడువాళ్లు సర్దుకునేవారు. సంస్కరణ తమ కోసమే కదా! పత్రికలు హ్వారిమ్‌ని ఆదర్శ జిల్లా అన్నాయి. పక్క జిల్లాలవాళ్లు చూసిపోవడానికి బస్సుల్లో వచ్చారు, భోజనం వేళకి.

ఆ గురువారం వంతు నీళ్ల విభాగానిది. పది రోజుల కిందట ఉద్యోగంలో చేరిన ఛేరిన్ అనే అమ్మాయి హోటల్ గుమ్మం దాకా ఎదురొచ్చి, దాహీని కిటికీ పక్కన కూర్చోబెట్టింది. చెంచా కింద కాగితపు రుమాలు పరిచింది. ఎముకల సూప్ పొగలు కక్కుతూ వచ్చింది.

“నంజుకునేవాటిలోంచి కీరా ముక్కలు తీయించేశాను మేడమ్.”

“నాకు పడవని నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు మేడమ్. మంగళవారం నూడుల్స్‌లో పక్కకి నెట్టారట కదా. అడవుల విభాగం అక్క చెప్పింది.” ఛేరిన్ సంచీలోంచి కొత్త నోటుబుక్కు తీసి, గర్వంగా ఆ పేజీ చూపించింది.

“ఇలా రాసుకోవాలని ఎవరు నేర్పారు?”

“శిక్షణలో మొదటి రోజే హాల్లోకి తీసుకెళ్లి గాజు పెట్టె చూపించారు మేడమ్. ఎంత పద్ధతిగా ఉందో! అందరం ఫొటో తీసుకున్నాం.”

కిటికీ అవతల రోడ్డు పక్క బెంచీ మీద ప్యో గారు ఒక్కరే కూర్చున్నారు. చేతిలో దుకాణంలో అమ్మే త్రికోణపు అన్నం పొట్లం. ఏ వరసలో చింపాలో మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసే ఉంటాయి. ఆయన మూడు దగ్గర మొదలెట్టి చింపుతున్నారు. అన్నమంతా ఒళ్లో పడింది. ఏరుకుని తింటున్నారు. ముఖంలో చాలా సంతోషం. ఎండ నేరుగా కళ్లలో పడుతున్నా పక్కకి జరగలేదు.

దాహీ చూపు తిప్పుకుని నోటుబుక్కు చదివింది. ‘దాహీ మేడమ్: కీరా పడదు. కిటికీ పక్క సీటు ఇష్టం. సూప్ వేడిగా.’

“పెన్నుందా?” అంది.

ఛేరిన్ రెండు చేతులతో అందించింది. దాహీ ‘వేడిగా’ ముందు ‘బాగా’ అని చేర్చి, పుస్తకం తిరిగి ఇచ్చేసింది.