దీవిలో బోణీ

ఓడ ఆ దీవి దగ్గర రెండు రోజులు ఆగుతుందని తెలిసినప్పటి నుంచీ రామతులసమ్మ కాళ్ళు నేల మీద నిలవడం లేదు. నడిసముద్రంలో ఉన్న మనిషి కాళ్ళు నేల మీద ఎలా నిలుస్తాయని అడగకండి, అది ఒట్టి సంబరం. తెల్లవారకముందే లేచి, కూతురు కొనిచ్చిన తెల్ల బూట్లు తొడుక్కుని, కొంగు నడుముకు బిగించి, గది తలుపు దగ్గర నిలబడింది. భర్త నిత్యానందం ఇంకా పళ్ళు తోముకుంటున్నాడు.

గిద్దలూరులో నిత్యానందం రంగుల దుకాణం నడుపుతాడు. ఆ ఏడాది రంగు డబ్బాలు బాగా అమ్మిన డీలర్లను కంపెనీవాళ్ళు భార్యలతో సహా ఓడ ఎక్కించారు. అలా వచ్చిన ప్రయాణం ఇది. ఆ పొద్దున మొగుడూ పెళ్ళాం వేసుకున్న పథకం చాలా చిన్నది. తొలి పడవలో దీవిలో దిగాలి. ఒక ఆటో మాట్లాడుకుని నేరుగా లైట్‌హౌస్‌కు పోవాలి. పైకెక్కి చూడాలి. ఆ తర్వాత ఏం చూసినా, చూడకపోయినా ఫరవాలేదు.

లైట్‌హౌస్ మీద రామతులసమ్మకు అంత మోజెందుకంటే, దానికి ఒక పాత కథ ఉంది. బేస్తవారిపేట బడిలో చదివేటప్పుడు "నాలుగు వైపులా నీరు గల భూభాగమును ద్వీపము అందురు" అని మేష్టారు అందరిచేతా వల్లె వేయించాడు. "నాలుగు వైపులా నీళ్ళున్నాయని ఎవరు చూసినారు సార్?" అని అడిగినందుకు ఆమె చెవి మెలిపెట్టాడు. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఆమె చూసిన పెద్ద నీళ్ళంటే కంభం చెరువే. దానికి ఏ వైపు చూసినా కట్టో కొండో అడ్డం. ఇప్పుడు ఆ దీవి మీద, మధ్యలో ఎత్తుగా లైట్‌హౌస్ ఉందనీ, పైనుంచి దీవి మొత్తం ఒక్కసారిగా కనిపిస్తుందనీ ఓడలో ఎవరో చెప్పగా విన్నది. మధ్యాహ్నం దాకే ఎక్కనిస్తారట. మర్నాడు సెలవట. చూస్తే ఈ పూటే చూడాలి, లేకపోతే ఈ జన్మకు లేదు.

కంపెనీ బస్సు ఆ వైపు పోదు. అది బీచికి పోయి, భోజనం పెట్టి, వెనక్కి తెస్తుంది. అందుకే వాళ్ళు విడిగా బయల్దేరారు. పడవ దగ్గర మార్కాపురం డీలరు వెస్లీ ఎదురుపడ్డాడు.

"మామా, గైడు లేకుండా యాడికి పోతారు? భాష రాదు, దోవ తెలీదు. మాతో బస్సులో రాండి."

"నోరుండేవానికి దోవ తెలీకపోవడమేంది అల్లుడూ. అడుక్కుంటా పోతాం," అన్నాడు నిత్యానందం.

ఆ నోటితోనే వచ్చింది చిక్కంతా. నిత్యానందం బంగారం లాంటి మనిషే గానీ ఆయనకు రెండు అలవాట్లున్నాయి. ఒకటి, కంటికి కనిపించిన ప్రతి వస్తువు రేటూ అడగడం. పెళ్ళికి పోతే అక్షింతలు వేసేలోపే షామియానా అద్దె ఎంతో కనుక్కుంటాడు. ఆస్పత్రికి పరామర్శకు పోతే రోగి కప్పుకున్న దుప్పటి అంచు పట్టుకుని చూస్తాడు. రెండోది బోణీ. పొద్దున్నే వచ్చి రేటు అడిగి, కొనకుండా పోయేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళుమంట. తను మాత్రం పొరపాటున కూడా అలాంటి పని చేయడు. బోణీ వేళ రేటు అడిగాడంటే కొన్నట్టే, అదీ బేరం ఆడకుండా. గిద్దలూరులో ఈ రెండు అలవాట్లూ ఎప్పుడూ ఒకదానికొకటి ఎదురుపడలేదు. ఎందుకంటే పొద్దున పూట ఆయన తన దుకాణంలోనే ఉంటాడు.

దీవిలో దిగేసరికి ఊరు అప్పుడే నిద్ర లేస్తోంది. ఒకాయన షట్టరు ఎత్తి తాటాకు టోపీలు బయట తగిలిస్తున్నాడు.

"ఇదెంత?" అన్నాడు నిత్యానందం, వచ్చీరాని హిందీలో. ఆ దీవివాళ్ళదీ వచ్చీరాని హిందీయే కాబట్టి ఇద్దరికీ బాగా కుదిరింది. మన సౌకర్యం కోసం అందరూ తెలుగే మాట్లాడారనుకుందాం.

టోపీ ఆయన రేటు చెప్పి, "పొద్దున్నే తొలి గిరాకీ మీరే," అన్నాడు నవ్వుతూ.

అంతే. టోపీ నిత్యానందం నెత్తికెక్కింది. ఎండకు పనికొస్తుందిలే అనుకుని రామతులసమ్మ కూడా నవ్వింది. పక్క కొట్లో కొబ్బరి తాళ్ళ చుట్టలున్నాయి. ఆయన చేయి వాటి మీద పడింది. "కిలో ఎట్ల ఇస్తున్నారు?" అన్న మాట ఆమె ఆపేలోపే బయటికొచ్చింది. ఒక చుట్ట భుజానికెక్కింది.

"ఏమండీ, అడగొద్దండీ. చూసి పోదాం, నోరు తెరవొద్దు," అంది రామతులసమ్మ.

"అడగనులేవే. పా."

పది అడుగులు వేశాడో లేదో, ఒక ముసలామె బల్ల మీద ఎర్రటి నల్లటి కట్టె ముక్కలు పేర్చుకుంటూ కనిపించింది. నిత్యానందం గుండె ఝల్లుమంది. నల్లమల పక్కన పుట్టి పెరిగినవాడికి ఆ రంగు కట్టె ఏమిటో ఒకరు చెప్పాలా?

"తులసీ, ఎర్రచందనం. ఇట్ల నడిబజార్లో పెట్టి అమ్ముతున్నారే. మన కాడైతే ఈపాటికి ఫారెస్టోళ్ళు జీపెక్కించేవాళ్ళు," అని గుసగుసలాడి, ఆ గుసగుసలోనే రేటు కూడా అడిగేశాడు. ముసలామె అన్నిటికంటే పెద్ద ముక్క ఏరి, కాగితంలో చుట్టి, కళ్ళకద్దుకుని మరీ ఇచ్చింది. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, వెంటనే మొహం పక్కకు తిప్పుకున్నాడు. అది కట్టె కాదు. ఉడకబెట్టి, పొగబెట్టి, కట్టె మాదిరి ఎండబెట్టిన చేప.

నిత్యానందం ఇంట్లోకి ఏడు తరాలుగా కోడిగుడ్డు కూడా గడప దాటి రాలేదు. "ఇచ్చేయండి, వెనక్కిచ్చేయండి," అని రామతులసమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"బోణీ చేసి వెనక్కిస్తే ఆమె ఏమైపోవాలే? కళ్ళకద్దుకున్నాది చూసినావు గదా," అన్నాడు నిత్యానందం. చేప పొట్లాన్ని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని నడిచాడు.

ఎలాగో ఒక ఆటో దొరికింది. ఆటో ఆయన వయసు మళ్ళినవాడు, నెమ్మదస్తుడు, అదే అతనితో వచ్చిన తంటా. దోవలో ఎవరు చెయ్యెత్తినా ఆపుతాడు. అప్పటికే ఊళ్ళో ఒక వార్త పుట్టింది. ఎవడో పెద్ద షావుకారు దిగాడు, అడిగిందల్లా బేరం లేకుండా కొంటున్నాడు, మన సరుకు పట్నంలో అమ్మడానికే వచ్చినట్టున్నాడు అని. దీవికి ఆయన బోణీ పట్టింపు సంగతి తెలియదు గానీ కొనుగోలుదారు సంగతి బాగా తెలుసు. వార్త ఆటో కంటే ముందు పరిగెత్తింది. మలుపు మలుపునా మనుషులు సరుకుతో నిలబడ్డారు. చాపలు, బుట్టలు, కొబ్బరి బెల్లం పాకం సీసాలు, గవ్వల దండలు. అందరూ అప్పుడే ఇంటి నుంచి తెచ్చినవాళ్ళే, అందరిదీ బోణీయే. నిత్యానందం రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చున్నాడు. కానీ చాప నేత చూసేసరికి చేతులు వాటంతటవే జారాయి.

"ఊరికే అడుగుతున్నానే. తెలుసుకుంటే తప్పేంది?"

"మీరు తెలుసుకున్నదంతా నా ఒళ్ళో పెడుతున్నారు," అంది రామతులసమ్మ. చాపల చుట్టల వెనక ఆమె మొహం కనిపించడం మానేసి చాలాసేపయింది. ఒక్కో మలుపు దగ్గరా లైట్‌హౌస్ కొంచెం దగ్గరవుతోంది, ఎండ అంతకంటే తొందరగా నడినెత్తికి వస్తోంది. ఆమెకు కోపమూ వస్తోంది, నవ్వూ వస్తోంది. ఇంత దూరం వచ్చి చూడకుండా పోతానా అని ఆమె భయం.

లైట్‌హౌస్ ఇక కూతవేటు దూరంలో ఉందనగా, ఒడ్డున బోర్లించిన పడవ పక్కన ఒకాయన కూర్చున్నాడు. పోయిన వానాకాలం నుంచి ఆ పడవకు బేరం రాలేదని ఆటో ఆయన చెప్పాడు. నిత్యానందం కళ్ళు పడవ మీద నిలిచాయి. పెదవులు కదలబోయాయి.

రామతులసమ్మ ఇక ఆగలేదు. చాపలన్నీ భర్త ఒళ్ళోకి నెట్టి, ఆటో దిగి, వెనక్కి చూడకుండా నడక మొదలుపెట్టింది. వెనక నుంచి "ఈ పడవ ఎంత చెప్తున్నావు నాయనా?" అన్న మాట గాలిలో తేలి వచ్చింది. ఆమె నడక పరుగైంది. పెళ్ళయ్యాక ఆమె ఒక్కతే ఒక దోవన పోవడం అదే మొదలు. చెరొక వైపున నీళ్ళు మెరుస్తుంటే ఆమెకు చిన్నప్పటి జడగంటలు వీపు మీద ఆడుతున్నట్టే అనిపించింది.

తీరా పోతే కాపలాదారు గేటుకు తాళం వేస్తున్నాడు. పక్కన గంప నిండా బొప్పాయిలు.

"ఇంకా టైముంది గదయ్యా," అంది ఆమె రొప్పుతూ.

"రోజూ ఎవరు వస్తారమ్మా? ఇప్పుడు నాకు పనుంది. ఎవరో షావుకారు దీవినంతా కొంటున్నాడట. ఈ పళ్ళు పెరట్లో కోసినవి, ఆయన పోయేలోపు అమ్ముకోవాలి."

రామతులసమ్మకు ఒక్క క్షణం ఏడుపొచ్చింది. తన మొగుడి కీర్తి తనకంటే ముందే వచ్చి తలుపు మూస్తోంది. ఆ షావుకారు నా పెనిమిటే, ఆయనకు పిచ్చి అని చెబుదామనుకుంది. చెబితే కాపలాదారు ఇంకా తొందరగా పరిగెత్తుతాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, గంప వైపు చూసి, పొద్దుటి నుంచీ తను తిట్టిపోస్తున్న మాటనే నోటికి తెచ్చుకుంది.

"పళ్ళెట్ల ఇస్తున్నావు?"

"ఎన్ని కావాలమ్మా?"

"గంపంతా. పోయి అమ్ముకునే పనేముంది, ఇక్కడే అమ్ముకో. తాళం తియ్యి."

మెట్లు గిర్రున తిరుగుతూ పైకి పోయాయి. మోకాళ్ళు మొరాయించాయి. మధ్యలో కూర్చుంది, మళ్ళీ లేచింది. పైన సన్నని తలుపు తోయగానే గాలి మొహాన కొట్టింది.

ఆమె చుట్టూ తిరుగుతూ చూసింది. తూర్పున నీళ్ళు. దక్షిణాన నీళ్ళు. పడమరకు పోయేటప్పుడు కొంచెం భయపడింది, అటు ఏదైనా కొండ అడ్డం వస్తుందేమోనని. రాలేదు. పడమరనా నీళ్ళే, ఉత్తరానా నీళ్ళే. నడుమ ఇంత పచ్చటి నేల, అరచేతిలో గోరింటాకు పెట్టినట్టు. రామతులసమ్మ కమ్మీ పట్టుకుని పగలబడి నవ్వింది. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నా తుడుచుకోలేదు. మేష్టారు చెప్పింది అక్షరాలా నిజం. కాకపోతే ఆయన చూసి చెప్పలేదు, ఈమె చూసింది.

కిందికి చూస్తే ఒడ్డున ఒక టోపీ కనిపించింది. దానికి కూడా నాలుగు వైపులా జనమే. జనం పక్కన కంపెనీ బస్సు ఆగి ఉంది.

ఆమె గంప ఎత్తిన కాపలాదారును వెంటబెట్టుకుని దిగివచ్చేసరికి ఆటో ఖాళీ. జరిగిందేమిటంటే, బస్సువాళ్ళు బీచి దోవలో బజారు దగ్గర ఆగితే కొట్లన్నీ మూసి ఉన్నాయి, కొట్లవాళ్ళంతా షావుకారు వెంట ఉన్నారు. డీలర్ల భార్యలు ఏదో ఒకటి కొనకుండా ఓడ ఎక్కేవాళ్ళు కారు. వెతుక్కుంటూ వచ్చి, ఆటోలో ఉన్న సరుకు చూసి ఎగబడ్డారు. నిత్యానందం గిద్దలూరు దుకాణంలో కూర్చున్నట్టే ఆటోలో కాలు మీద కాలేసుకుని అమ్మేశాడు. చాపలన్నీ వెస్లీ భార్య కేథరిన్ తీసుకుంది. వెస్లీ చేప పొట్లాన్ని పసిబిడ్డలా ఎత్తుకుని నిలబడ్డాడు.

"మామా, ఇట్లాంటి సరుకు మార్కాపురంలో యాడ దొరుకుతాది? గైడు కూడా చెప్పలా," అన్నాడు వెస్లీ.

"పడవ కొన్నారా?" అంది రామతులసమ్మ, గుండె చిక్కబట్టుకుని.

"కొనలా. ఆయన రేటు చెప్పేలోపే, రంగు ఎలిసిపోయినాది, రంగేసి అమ్ముకో, మంచి రేటొస్తాదని చెప్పినా. ఇప్పుడు రంగు మనమే పంపాలంట," అని, అప్పుడు ఆయన గంప చూశాడు. "ఈ పండ్లన్నీ ఎందుకు కొన్నావే?"

"రేటు అడిగినా."

"అడిగితే?"

"బోణీ వేళ అడిగినాక కొనకుండా ఎట్ల వస్తాను?"

అప్పుడే నిత్యానందం లైట్‌హౌస్ వైపు తలెత్తి చూశాడు. "పా, ఇప్పుడన్నా ఎక్కుదాం," అన్నాడు. కాపలాదారు తాళంచెవి జేబులో వేసుకుంటూ, వేళ అయిపోయిందనీ, రేపు సెలవనీ చెప్పాడు. నిత్యానందం మొహం చిన్నబోయింది. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నిన్ను నేనే ఎక్కించాలనుకున్నా తులసీ. దానికే గదా వచ్చింది," అన్నాడు. ఆయన నిజంగానే బాధపడ్డాడు.

రామతులసమ్మ కోపం అక్కడితో కరిగిపోయింది. పండ్లు ఓడలోకి రానివ్వరని తెలిసి అందరూ పడవల రేవు దగ్గరే కూర్చుని బొప్పాయిలు కోసుకు తింటుంటే, ఆమె భర్త పక్కన కూర్చుని చూసిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఏ వైపు నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో, ఎక్కడ నురగ లేస్తోందో, గాలి ఎటు నుంచి కొట్టిందో అన్నీ చెప్పింది. ఆయన ఒక్క రేటు కూడా అడగకుండా విన్నాడు.

ఇప్పుడు గిద్దలూరులో రంగు డబ్బాకు వచ్చిన ప్రతి మనిషికీ నిత్యానందం లైట్‌హౌస్ పైనుంచి దీవి ఎలా కనిపిస్తుందో చేతులు తిప్పుతూ వర్ణిస్తాడు. రామతులసమ్మ పక్కనే కూర్చుని, ఆయన తూర్పును పడమర అన్నప్పుడు మాత్రమే కలగజేసుకుంటుంది.